తనంతట తానే జరిగిన వరుస

మధ్యాహ్నం భోజనాల బెల్లు మోగింది. కంట్రోల్ రూమ్ మెట్లు దిగుతున్న మనిషి నడుమ ఒకచోట ఆగి, కళ్ళద్దాలు డెస్కు మీదే మర్చిపోయానని కాబోలు, చొక్కా జేబు తడుముకున్నాడు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు చప్పుడు పెద్దగా ఏమీ ఉండదు. పక్కింట్లో ఎవరో దిండు దులిపినట్టు ఉంటుంది, అంతే. ఆయన ఉన్న మెట్టు మీదే కూర్చుండిపోయాడు. వెనకే దిగుతున్న గుమాస్తా "కొంచెం జరగండి సార్, దారికి అడ్డంగా కూర్చున్నారు" అని కూడా అన్నాడు పాపం. మరి ఆ గుమాస్తాకేం తెలుసు!

చనిపోయిన మనిషి ఆనకట్ట గేట్లను నడిపించే ప్రోగ్రామ్ రాసినవాడు. మన కథలోని గూఢచారికి సొంత బావ. అక్క మొగుడు.

ఆ గూఢచారిని డిపార్ట్‌మెంట్లో అందరూ తిమ్మిరి అంటారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. రెండేళ్ళ కిందట ఒక మిషన్‌లో, విదేశీ ఓడలో, చేపలు దాచే చలిగదిలో రాత్రంతా దాక్కోవలసి వచ్చింది. పట్టుకోవలసినవాణ్ణి పట్టుకున్నాడు గానీ కుడిచేతి వేళ్ళూ అరచెయ్యీ మణికట్టు దాకా తిమ్మిరెక్కాయి. ఎక్కిన తిమ్మిరి మళ్ళీ దిగలేదు. డాక్టర్లు సూదులు గుచ్చారు, కరెంటు పెట్టారు, ఆఖరికి "అలవాటు చేసుకోండి" అని బిల్లు ఇచ్చారు. ఆ చలి వేళ్ళతో ఆగిందా అంటే, లేదు. లోపల కూడా ఎక్కడో అలాగే గడ్డకట్టుకుపోయింది. నవ్వాల్సినచోట నవ్వేవాడు, పలకరించాల్సినచోట పలకరించేవాడు, కానీ అదంతా చదివి అప్పజెప్పినట్టు ఉండేది.

బావ పోయాడన్న ఫోన్ వచ్చినప్పుడు కూడా అంతే. "సరే" అన్నాడు. కప్పు కడిగి బోర్లించాడు. బయల్దేరాడు.

అక్క ఇల్లు ఆనకట్ట కిందనే ఉన్న స్టాఫ్ క్వార్టర్సులో మొదటిది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా ఆకాశానికి బదులు సిమెంటు గోడే కనిపిస్తుంది. దాని వెనక ఎంత నీరుందో తలచుకుంటే నిద్ర పట్టదు గనక అక్కడివాళ్ళు తలచుకోవడం మానేశారు.

అక్క అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "ఏడవరా. ఒక్కసారి ఏడువు. నిన్నిలా చూస్తే నాకే భయమేస్తోంది."

"రావట్లేదక్కా."

"ఎలా రాదురా? నీకు చెయ్యి పడిపోయినప్పుడు మూడు నెలలు పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టిన మనిషిరా!"

అది నిజం. అప్పుడు జరిగింది కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతది తలకెక్కదు.

చలిగది నుంచి వచ్చాక తిమ్మిరి మూడు నెలలు అక్క ఇంట్లోనే ఉన్నాడు. వేళ్ళకి కసరత్తు కావాలని బావ తన ఇంటి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "స్పర్శ లేకపోతే ఏం, కళ్ళున్నాయిగా. చూసి కొట్టు బావమరిదీ" అనేవాడు. కొట్టడానికి ఏవో మాటలెందుకని ప్రోగ్రామ్ రాయడమే నేర్పాడు.

ప్రోగ్రామ్ అంటే వరుసలు వరుసలుగా రాసిన ఆజ్ఞలు. అందులో మాటలెంత ముఖ్యమో, వరుస ఎక్కడ మొదలైందన్నదీ అంతే ముఖ్యం. 'వాన వస్తే' అని ఒక వరుస రాసి, దాని కింద నాలుగు గళ్ళు ఖాళీ వదిలి, లోపలికి జరిపి 'గొడుగు తీసుకో' అని రాశామనుకోండి. ఆ లోపలి వరుస పై వరుస చెప్పుచేతల్లో ఉంటుంది. వాన వస్తేనే గొడుగు. అదే 'గొడుగు తీసుకో' అన్నదాన్ని ఎడమ అంచుకి లాగేశామా, ఇక అది ఎవరి మాటా వినదు. ఎండ కాస్తున్నా గొడుగే. అక్షరం పోలేదు, అక్షరం రాలేదు, అయినా అంతా తారుమారు.

ఆ లోపలికి జరపడం చేత్తో చేస్తూ కూర్చుంటే విసుగు. అందుకని ఎడిటర్లు, అంటే రాసుకునే ఆ తెరలు, ఒక సాయం చేస్తాయి. ఎంటర్ కొట్టగానే కర్సర్ కిందికి దిగి, పై వరుస ఎక్కడుందో చూసి, తనంతట తానే దానికి తగినచోటికి జరిగి కూర్చుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్ల తన అక్క ఎక్కడుందో వెతుక్కుని పక్కనే సర్దుకున్నట్టు. ప్రపంచమంతా అలాంటి ఎంటర్‌కే అలవాటుపడింది. బావకి మాత్రం అది గిట్టదు.

"కిందికి దిగమన్నాను, దిగాలి. లోపలికి రమ్మని పిలిచానా? పిలవకుండా ఎందుకు దూరుతుంది?" అనేవాడు ఆ కర్సర్ మీద నిజంగానే కోపం తెచ్చుకుని.

"మేం నేర్చుకున్న రోజుల్లో ఎంటర్ అంటే ఎడమ అంచుకి దిగడమే. లోపలికి వెళ్ళాలంటే కంట్రోల్ మీట పట్టుకుని జే నొక్కాలి. కొత్త ఎడిటర్లో ఆ రెంటినీ అటూ ఇటూ మార్చేశారు. నేను మళ్ళీ వెనక్కి మార్చుకున్నా."

వంటింట్లోంచి అక్క అందుకునేది. "అవును, ఈ ఇంట్లో ఫ్యాను స్విచ్చేస్తే లైటు వెలుగుతుంది. ఆయనకదే బాగుంటుంది. వచ్చినవాళ్ళు చీకట్లో తడుముకుంటారు."

ఇంటి కంప్యూటర్ సంగతి అది. ఆఫీసులో కూడా బావ అలాగే పెట్టుకున్నాడో లేదో తిమ్మిరి అడగలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?

శుక్రవారం బ్రీఫింగ్.

కిటికీలు లేని గది. గోడ మీద ఆనకట్ట మ్యాపు. పెద్దాయన, అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్, కుర్చీలో కాకుండా బల్ల అంచు మీద కూర్చున్నాడంటే విషయం ముదిరిందన్నమాట.

"విదేశీ ముఠా సందేశం ఒకటి పట్టుకున్నాం. 'శనివారం పెద్దమ్మ తలుపు తీస్తుంది.' పెద్దమ్మ అంటే ఆనకట్ట. రేపే శనివారం. ఎలా తీస్తుంది? ఎవరు తీయిస్తారు? మేడమ్, మీరు చెప్పండి."

మూలన ఉన్న కుర్చీలోంచి ముత్యాల మేడమ్ లేచింది. ఆమె లేస్తే ఆ గదిలో బల్బు ఇంకొకటి వేసినట్టు ఉంటుంది. చెవులకి ముత్యాలు, అందులో ఒకటి మైక్రోఫోన్. జడముడిలో పొడవాటి పిన్ను, దాని తలమీద మరో ముత్యం. ముఠాలో ఒకర్తిగా తిరుగుతూ మనవాళ్ళకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె గొంతు విన్నవాడు ఆమె చెప్పింది సగమే వింటాడని డిపార్ట్‌మెంట్లో చెప్పుకునేవారు.

"చెప్పడానికి బాధగానే ఉంది." ఆమె తిమ్మిరి వైపు చూసింది. "ఇతని బావే ముఠాకి అమ్ముడుపోయాడు. గేట్ల ప్రోగ్రామ్‌లో ఒక వరుస చెరిపేశాడు. సేల్స్ ఏజెంటు వేషంలో నేను పక్కనే ఉన్నాను. భయపెట్టాను, బతిమాలాను. ఆఖరికి దారికొచ్చాడు. నా కళ్ళముందే ఎంటర్ కొట్టాడు. కర్సర్ తనంతట తానే లోపలికి జరిగింది. అక్కడ ఆ మాటలు మళ్ళీ టైప్ చేసి, సేవ్ చేశాడు. ప్రోగ్రామ్ ఇప్పుడు క్షేమం. మాట తప్పాడని ముఠా అతన్ని కాల్చేసింది."

"మరి రేపటి ప్రమాదం?"

"బాంబు. గోడకి. మీ మనుషులందరినీ గోడ మీద పెట్టండి."

పెద్దాయన కంప్యూటర్ నిపుణుడి వైపు తిరిగాడు. "ప్రోగ్రామ్ చూశారా?"

"పాత కాపీతో మాటకి మాట పోల్చాం సార్. ఒక్క అక్షరం తేడా లేదు."

తిమ్మిరి మొదటిసారి నోరు విప్పాడు. "ఖాళీలు పోల్చారా?"

"ఏవి?"

"వరుసల ముందుండే ఖాళీలు."

నిపుణుడు నవ్వాడు. "అవి పోలిస్తే పనికిమాలిన తేడాలు వేలకివేలు వస్తాయి బాబూ. ఒకడు జరుపుతాడు, ఇంకొకడు సర్దుతాడు. అందుకే వాటిని వదిలెయ్యమని ముందే టిక్కు పెట్టేస్తాం. అందరూ చేసేదే."

"టిక్కు తీసి ఒకసారి చూడండి."

"చాలు," అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, జాలిగా. అదే ఇంకా కష్టం. "నీ బావ. నీకుంటుంది. అందుకే నిన్ను ఈ కేసులోంచి తప్పిస్తున్నా. ఇంటికెళ్ళు."

తిమ్మిరికి ఏమీ అనిపించలేదు. కానీ బుర్ర పనిచేయడానికి అనిపించనక్కర్లేదు కదా. ఎంటర్ కొట్టాడు, తనంతట తానే లోపలికి జరిగింది. బావ మెషీన్ మీద! ఆఫీసు మెషీన్ కూడా ఇంటిదానిలాగే ఉంటే, ఈమె చూడనిది చూశానంటోంది. ఏ ఎడిటర్లోనైనా జరిగేదే ఇక్కడా జరిగి ఉంటుందని ఊహించి చెబుతోంది. తేల్చుకోవాలంటే ఆ డెస్కు ముందు కూర్చుని ఒకే ఒక్క మీట నొక్కాలి.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాడు.

"రేపు పొద్దున్నే పాపని తీసుకుని కొండ మీదున్న నీ స్నేహితురాలింటికి వెళ్ళక్కా."

"ఎందుకు?"

"ఎందుకని అడక్కు."

అక్క చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో చదవడానికి ఏముంటుంది! "మీ డిపార్ట్‌మెంటు వాళ్ళు ఆరా తీసి వెళ్ళినప్పట్నుంచీ కుళాయి దగ్గర అందరూ గుసగుసలాడుతున్నార్రా. నేను వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. ద్రోహి పెళ్ళాం అంటున్నారట. ఇప్పుడు నేను సామాను సర్దుకుని పోతే, చూశారా, నిజమేనంటారు. ఎవరో పెద్దాయన వచ్చి నా మొగుడు ద్రోహి కాడని నా గుమ్మంలో చెప్పేదాకా ఈ ఇంట్లోంచి కదల్ను. గోడ కూలి మీద పడ్డా సరే."

అక్క కూతురు పాప గచ్చు మీద సుద్దముక్కతో ఇళ్ళు గీస్తోంది. తిమ్మిరి ఆ గోడ వైపు చూశాడు. పాప వైపు చూశాడు. గుండె కొట్టుకుంటున్నట్టు తెలుస్తోంది. అదీ ఎక్కడో పక్కగదిలో గడియారం కొట్టుకుంటున్నట్టు.

"ఆయన కళ్ళద్దాలు ఆఫీసులోనే ఉండిపోయాయి," అంది అక్క. "అవైనా తెచ్చిపెట్టు."

అదే సాకు అయింది. అక్క కోసం కళ్ళద్దాలు తేవాలంటే పెద్దాయన కాదనలేకపోయాడు. "సరే, కానీ ముఠా కళ్ళు అక్కడ ఉంటాయి. వేషంలో వెళ్ళు. నీకు తోడుగా మేడమ్ వస్తానంటోంది. పాపం, నీ మీద సానుభూతి."

స్టోర్ గదిలో పెట్టెల బాబాయి అతనికి ఏసీ మెకానిక్ యూనిఫాం ఇచ్చాడు. ఈయన దగ్గర దొరకని పరికరం లేదు, పనిచేసే పరికరం కూడా తక్కువే. "ఈ వాచీ కుడిచేతికి పెట్టుకో. ప్రమాదం వస్తే మణికట్టు మీద గిలిగింతలు పెడుతుంది."

"ఆ చేతికి తెలీదుగా బాబాయ్."

"అరె, మర్చేపోయా! అయితే ఇవి పెట్టుకో." నల్ల ఫ్రేమ్ కళ్ళద్దాలు తీశాడు. "నువ్వు చూసేదీ వినేదీ పెద్దాయనకి చేరుతుంది. ఆయన మాట చెవి మీద ఆనే ఈ కొమ్మలోంచి నీకు వినిపిస్తుంది. ఆయన తిడితే సౌండ్ తగ్గించుకోడానికి మాత్రం బటన్ లేదురా, ఎంత ప్రయత్నించినా కుదర్లేదు."

శనివారం పొద్దున. కంట్రోల్ రూమ్ గేటు దగ్గర కాపలా మనిషి కోడ్ మాట అడిగాడు. "ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయా?"

"అవి నీళ్ళు కావు, దాని కన్నీళ్ళు," అన్నాడు తిమ్మిరి, కరెంటు బిల్లు చదివినట్టు. కోడ్ మాటలు రాసేది పెద్దాయనే. ఆయనకి నాటకాల పిచ్చి.

బావ పోయాక కొత్తగా పెట్టిన మెటల్ డిటెక్టర్ ఉంది గనక ఎవరి దగ్గరా పిస్తోలు లేదు. ముత్యాల మేడమ్ ఈసారి ఆడిట్ ఆఫీసరు వేషంలో ఉంది. డిటెక్టర్ ఆమె జడముడి దగ్గర కుయ్యిమంది. "హెయిర్ పిన్," అని నవ్వింది. కాపలా మనిషి ఆ నవ్వుకే దారిచ్చేశాడు.

లోపల షిఫ్ట్ ఇంజనీరు ఒక్కతే ఉంది. నోట్లో పెన్ను, భుజమ్మీద శాలువా. ఏసీ మెకానిక్‌ని చూడగానే ఆమెకి దేవుడు కనిపించినట్టయింది.

"అమ్మయ్య, వచ్చారా! అర్జీ పెట్టి ఏడాదైంది. ఇది చల్లగా ఊదితే ఆగదు, ఆగితే ఊదదు. మీరు దీన్ని బాగుచేస్తే మీ పేరు మా అబ్బాయికి పెట్టుకుంటాను."

"మీ అబ్బాయి వయసెంత?"

"పద్నాలుగు. అయినా మారుస్తాను."

గోడకున్న పెద్ద తెర మీద గడియారం పదకొండుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. దాని కింద, 'వారాంతపు రీలోడ్: 11.00'. ప్రతి శనివారం పదకొండింటికి మెషీన్ తన పాత ప్రోగ్రామ్‌ని వదిలేసి, సేవ్ చేసి ఉన్న కొత్తదాన్ని తలకెక్కించుకుంటుంది. వారమంతా ఎవరేం మార్చినా అప్పుడే అమల్లోకి వస్తుంది. పెద్దమ్మ శనివారమే ఎందుకు తలుపు తీస్తుందో తిమ్మిరికి అర్థమైంది.

మూలన బావ డెస్కు. మడత పెట్టిన కళ్ళద్దాలు. ఆడిట్ వాళ్ళు చూస్తారని ముందే ఫోన్ చేసి చెప్పడంతో మెషీన్ తెరిచే ఉంచారు. తెర మీద ప్రోగ్రామ్. నిచ్చెన తీసుకొస్తే ఏసీ చూస్తానన్నట్టు పైకి చూస్తూనే తిమ్మిరి కుర్చీలో కూర్చున్నాడు. కుడిచేతి వేలు ఎక్కడుందో కళ్ళతో చూసుకున్నాడు. లోపలికి జరిగి ఉన్న ఒక వరుస చివర కర్సర్ పెట్టి, ఎంటర్ నొక్కాడు.

కర్సర్ కిందికి దిగింది. సూటిగా ఎడమ అంచుకి. లోపలికి వీసమెత్తు జరగలేదు.

అతని చెవికొమ్మలో పెద్దాయన గొంతు గోడ మీద గాలి హోరుతో కలిసి వినిపించింది. "కళ్ళద్దాలు తీసుకుని రమ్మన్నాను. అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్?"

జవాబు షిఫ్ట్ ఇంజనీరు ఇచ్చింది, తనకి తెలియకుండానే. "ఆ మెషీన్ మీద ఏం కొట్టినా లాభంలేదండీ! దాని ఎంటర్ పనిచేయదు. కిందికి దిగుతుంది గానీ లోపలికి పోదు. పాపం సార్ ఒక్కరే వాడేవారు. వచ్చిన కొత్తలో నేనూ ఒకసారి తిట్టుకుని వదిలేశా. ఈ గదిలో అందరికీ తెలుసు."

గదిలో అందరికీ తెలుసు. ఒక్క ముత్యాల మేడమ్‌కి తప్ప.

ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది, దాని వెనక మనిషి మాత్రం లేచి వెళ్ళిపోయింది. "సర్వర్ గది తాళంచెవి కావాలి," అంది షిఫ్ట్ ఇంజనీరుతో. "ఇప్పుడే. కింది అంతస్తు నుంచి మీరే తేవాలి. ఆడిట్ రూల్."

"ఏసీ..."

"ముందు తాళం."

తలుపు మూసుకుంది. అది లోపలి నుంచైనా బయటి నుంచైనా కార్డుతో మాత్రమే తెరుచుకునే అద్దాల తలుపు.

తిమ్మిరి వెనక్కి తిరగలేదు. తెర మీద పేజీలు కిందికి జరుపుతూ వెతికాడు. దొరికింది. ఒక వరుసలో 'నీటిమట్టం ఎర్ర గీత దాటితే' అని. దాని కింద 'గేట్లన్నీ తెరువు' అని. ఇంగ్లీషులోనే ఉన్నాయి గానీ అర్థం అదే. రెండో వరుస లోపల ఉండాలి. ఎడమ అంచున ఉంది. వాన రాకపోయినా గొడుగు. గీత దాటకపోయినా గేట్లు.

"ఎంటర్ కొట్టాడు, తనంతట తానే జరిగింది అన్నారు," అన్నాడు తిమ్మిరి. "మా బావ మెషీన్‌లో అలా జరగదు. మీరు నాలుగు ఖాళీలు చెరిపేశారు. ఆయన వాటిని మళ్ళీ పెట్టడం మీరు చూడలేదు, ఎందుకంటే ఆయన పెట్టలేదు. ఆయనకసలు తెలీదు. తెలిసేలోపు కాల్చేశారు."

"మంచివాడు మీ బావ," అంది ఆమె. గొంతు ఇంకా అంతే తియ్యగా ఉంది. "నేను మెషీన్ దగ్గర ఉన్నప్పుడు నాకోసం మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు."

తిమ్మిరి లోపల ఏదో కదలాలి. కదల్లేదు. గడియారం పదకొండుకి నిమిషం తక్కువ చూపిస్తోంది.

చెవిలో పెద్దాయన. ఈసారి తిట్టడంలేదు. "విన్నాను. నేను గోడకి ఆ చివర ఉన్నాను. ఎవర్నీ పంపే టైం లేదు. నువ్వే. నువ్వే చెయ్యాలి."

స్పర్శ లేని వేలితో ఖాళీలు లెక్కపెట్టి కొట్టడం కన్నా బావ నేర్పిన దారే నమ్మకం. తిమ్మిరి పై వరుస చివర కర్సర్ పెట్టాడు. డిలీట్ నొక్కాడు. కింది వరుస ఎగిరి పైదాని తోకకి అతుక్కుంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ విరిచి, కిందికి దించి, లోపలికి పంపాలి. ఎంటర్ కొడితే మళ్ళీ ఎడమ అంచుకే పోతుంది, గేట్లు తెరుచుకుంటాయి. అదే ఈ డెస్కు మీదున్న ఉచ్చు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి ఎంటర్ మీదికే పరిగెడుతుంది. ఇతనికి చేతి అలవాట్లు లేవు. ప్రతి మీటా చూసి కొట్టాలి. ఎడమచేత్తో కంట్రోల్ పట్టుకున్నాడు. కుడి చూపుడువేలు జే వైపు వెళ్ళింది.

అప్పుడే ముత్యాల మేడమ్ జడముడిలోంచి పిన్ను లాగి, బలమంతా పెట్టి, అతని కుడిచేతి మీద గుచ్చింది.

అలా గుచ్చితే ఏ మనిషైనా ఏం చేస్తాడు? కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఆమె లెక్క అదే. ఆమెకి కావలసింది అతని ప్రాణం కాదు, పది సెకన్లు.

తిమ్మిరి వంగి తన చేతి వైపు చూశాడు. ఇవతల ముత్యం, అవతల మొన. మధ్యలో తన చెయ్యి. అది ఎవరిదో చెయ్యి అయినట్టు, ఇలా ఉంటుందన్నమాట అన్నట్టు చూశాడు. వేలు జే మీదే ఉందని కళ్ళతో రూఢి చేసుకున్నాడు. నొక్కాడు.

అతుక్కున్న వరుస విరిగింది. కిందికి దిగింది. పై వరుసని చూసుకుని, తనంతట తానే నాలుగు గళ్ళు లోపలికి జరిగి, బుద్ధిగా కూర్చుంది.

సేవ్.

"నీకు... నొప్పి లేదా?" ఆమె గొంతులో తియ్యదనం మొదటిసారి విరిగింది.

"అందరూ నన్ను ఏమని పిలుస్తారో మీరు రెండేళ్ళుగా వింటున్నారు," అన్నాడు తిమ్మిరి. "ఎందుకో అడగాల్సింది."

గోడ తెర కుయ్యిమంది. పదకొండు. రీలోడ్. మెషీన్ కొత్త ప్రోగ్రామ్‌ని మొదటి వరుస నుంచి చదువుకుంటూ పోయింది. నీటిమట్టం చూసింది. ఎర్ర గీత చూసింది. దాటలేదు. గేట్లు అన్న మాట దాకా కూడా పోకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. వరుసగా ఉన్న పచ్చ దీపాలు ఒక్కటి కూడా మిణుకుమనలేదు. ఎంత పెద్ద సంగతైనా జరగకుండా ఆగిపోతే అలాగే ఉంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు.

మేడమ్ తలుపు వైపు పరిగెత్తింది. అద్దానికి అవతల తాళంచెవి పట్టుకుని షిఫ్ట్ ఇంజనీరు నిలబడి ఉంది. మెకానిక్ చేతిలో దిగిన పిన్ను, కీబోర్డు మీద రక్తం, పరిగెత్తుకొస్తున్న ఆడిట్ ఆఫీసరు, మూడూ ఒకేసారి చూసింది. తెరవబోయిన కార్డు మళ్ళీ జేబులో పెట్టేసుకుంది.

"తెరువు!" అని అరిచింది మేడమ్.

"తెరవనండీ," అంది ఆమె అద్దంలోంచి. "మా ఏసీ అబ్బాయిని పొడిచారు. ఏడాది తర్వాత వచ్చాడు!"

సాయంత్రం పెద్దాయన స్వయంగా క్వార్టర్సుకి వచ్చాడు. కుళాయి దగ్గరున్న వాళ్ళందరికీ వినపడేలా, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "అమ్మా, మీ ఆయన ద్రోహి కాడు. ఆయన మెషీనే ఇవాళ ఈ లోయనంతా కాపాడింది. నేను నమ్మకపోవడం నా తప్పు." నాటకాల పిచ్చి ఉన్న మనిషే గానీ, ఆ మాటలు మాత్రం నాటకంలా చెప్పలేదు. అక్క తలూపింది. ఆయన వెళ్ళేదాకా నిలబడి, వెళ్ళాక గడప మీద కూలబడింది.

తిమ్మిరి బావ కళ్ళద్దాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. అక్క వాటిని కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

కాసేపటికి అతని చేతికట్టు చూసి ఉలిక్కిపడింది. "ఇదేంట్రా? ఇలా చుట్టారేంటి, మూటలాగ? ఎవడు కట్టాడు?"

"పెట్టెల బాబాయి."

"అందుకే." లోపలికి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చింది. కట్టు విప్పి, చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, మెల్లిగా నీళ్ళు పోసింది. పాప వచ్చి పక్కన కూర్చుంది. అరచేతి మధ్యలో చిన్న చిల్లు. ఎర్రటి నీళ్ళు గచ్చు మీద పాప గీసిన సుద్ద ఇళ్ళ మీదుగా సన్నగా పారాయి.

"అక్కా."

"ఊఁ."

"కొంచెం మండుతోంది."

అక్క చెంబు కింద పెట్టేసింది. అతని మొహం వైపు చూసింది. ఇంకో దోసెడు నీళ్ళు పోసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ."

ఆమె ఆ చెయ్యి అలాగే పట్టుకుని, ఎండిపోయిందనుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. తిమ్మిరి కళ్ళు పొడిగానే ఉన్నాయి. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి వారం బావ స్థానంలో కొత్త ప్రోగ్రామర్ చేరాడు. చేరిన మొదటిరోజే పైకి ఒక కంప్లయింటు పంపాడు: 'ఈ డెస్కు మీది ఎంటర్ కీ పాడైంది, వెంటనే బాగుచేయించగలరు.' అది బల్లలన్నీ తిరిగి తిరిగి, ఆ డెస్కు కేసు చూసింది అతనే గనక, ఆఖరికి తిమ్మిరి దగ్గరికి వచ్చింది. అతను దాని కింద 'ఏసీ బాగయ్యాక చూద్దాం' అని రాసి సంతకం పెట్టి పంపేశాడు.